బోడికొండ వయసు

గుండుసూది ఆ ఉదయం మళ్ళీ పైకెక్కింది.

బోడికొండ నెత్తిన ఉన్న రేకుల షెడ్డులో, తలుపుకెదురుగా గోడ మీద నిలువెత్తు పటం ఒకటి ఉంటుంది. భూమి పుట్టిన దగ్గర్నుంచి నేటిదాకా గడిచిన కాలమంతా అందులో రంగురంగుల అరలుగా గీసి ఉంటుంది. రాతిపొరల్లో ఉన్నట్టే పాతకాలం అడుగున, కొత్తకాలం పైన. కంటికి ఆనే ప్రాణి ఒక్కటీ పుట్టని ఆర్కియన్ కాలం అట్టడుగున గులాబి రంగులో ఉంటుంది. చేపలు, అడవులు, డైనోసార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోగా, అన్నిటికన్నా పైన గోరుకొన మందాన మిగిలిన గీత మనుషులది. బోడికొండ గ్రానైటు వయసు రెండు వందల యాభై ఒక్క కోట్ల ఏళ్ళు. షరీఫ్ సార్ ఎర్రతల గుండుసూదిని అట్టడుగు అరలో గుచ్చిన రోజు, ఇక దాన్ని ముట్టుకునే పని తన జన్మలో ఉండదనుకున్నారు. రాయి వయసు మారదు గదా! ఏడాదికో ఏడాది పెరిగినా, కోట్ల లెక్కలో అది సముద్రంలో కాకిరెట్ట.

అలాంటిది, ఈ నెలలో ఆ సూదికి కాళ్ళొచ్చాయి.

"నలభై ఒక్క కోట్లు," అన్నారు షరీఫ్ సార్, సూదిని పీకి పై అరలో గుచ్చుతూ. "చేపల కాలంలోకి వచ్చేశాం సుభద్రా. నిన్న సాయంత్రం పెంకుపురుగుల దగ్గరున్నాం."

సుభద్రకి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడింది. భయం వేసినప్పుడు జోకులు వేయడం ఆయన అలవాటు. ఓర్సు సుభద్ర నవ్వలేదు. మిషను తెర మీద అంకె ఆమె చూస్తుండగానే ఇంకో మెట్టు దిగింది.

ఆ అంకెను పుట్టించింది ఆమే. రాయి వయసు తెలుసుకోవాలంటే ఎవరైనా దాన్ని పగలగొట్టి, పొడి చేసి, కరిగించాల్సిందే. గ్రానైటులో మెరిసే కాకిబంగారంలో పొటాషియం ఉంటుంది. అందులో కొంత, కాలం గడిచేకొద్దీ ఆర్గాన్ అనే గ్యాసుగా మారి, బయటికి దారిలేక అక్కడే చిక్కుకుపోతుంది. ఆ గ్యాసు ఎంత పోగైతే రాయికి అంత వయసు. సుభద్ర కనిపెట్టిన కాలదర్శికి పగలగొట్టడం, కరిగించడం అక్కర్లేదు. కొండలో వేసిన బోరులోకి ఒక సన్నటి కడ్డీని దింపితే చాలు, అది రాయిలో చెవికి వినబడనంత మెత్తగా అదురు పుట్టిస్తుంది, ఆ అదురు తిరిగొచ్చిన తీరుని బట్టి లోపలెంత గ్యాసుందో చెబుతుంది. జీరో బల్బు తాగేంత కరెంటు కూడా అది తాగదు. ఏడాదిన్నరగా ఒక్క క్షణం ఆపకుండా నడుపుతోంది సుభద్ర. తెగని వరసలో ఒక కొండ వయసును కొలిచినవాళ్ళు ఇంతకు ముందు లేరు.

"బోరులో వేడి ఎంతుంది సార్?"

"నిన్నటికన్నా ఎక్కువే."

రాయి వయసు తగ్గడానికి చదువుకున్నవాళ్ళకి తెలిసిన కారణం ఒకటే. రాయి వేడెక్కితే కాకిబంగారం పట్టు సడలి గ్యాసు జారిపోతుంది. అంతా జారిపోతే గడియారం సున్నాకొస్తుంది, రాయి ఆ రోజే పుట్టినట్టు లెక్క. అంటే ఈ కొండ కింద ఎక్కడో నిప్పు రాజుకుంది. అది పైకొస్తోంది. కొండ తూర్పు వైపంతా పగుళ్ళే. ఆ పగుళ్ళ గుండా ఆవిరి, విషగాలి తన్నుకొస్తే, అది పడేది సరిగ్గా కింద ఉన్న వడ్డెపల్లె మీద.

వడ్డెపల్లె సుభద్ర పుట్టిన ఊరు.

*

"ఏమమ్మీ, కొండ వయసు ఇంకా తగ్గుతాందా?" అని అడిగాడు ఓబులేసు, కూతురు చెప్పులు విడుస్తుండగానే.

"తగ్గుతాంది నాయనా."

"ఆ మందేదో నాకూ రోంత తెచ్చీమే."

తన మాటకు తనే నవ్వబోయి దగ్గులో పడ్డాడు. సుభద్ర గబగబా వెళ్ళి వీపు నిమిరింది. సిలిండరు నుంచి ముక్కుదాకా వచ్చిన గొట్టం దగ్గుకి పక్కకి జరిగితే సరిచేసింది. యాభై ఏళ్ళు బోడికొండ మీద సుత్తీ ఉలీ పట్టిన మనిషి. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా కనబడతాయి. అదంతా కొండ దుమ్మే. పడుకుంటే ఊపిరాడదు. రెండేళ్ళుగా రాత్రీ పగలూ గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు.

"అయితే రాయిని పగలగొట్టకుండానే వయసు చెప్తాదా నీ మిషను?" అన్నాడు దగ్గు తగ్గాక. ఇది ఆయన ఇరవైసార్లు అడిగిన ప్రశ్నే. ఇరవైసార్లూ కొత్తగా ఆశ్చర్యపోతాడు.

"ఊరికే అడుగుతాం నాయనా. అదే చెప్తాది."

"నేను ఇన్నేండ్లు ఎంత కొట్టినా నాకొక్క మాట చెప్పల్యా. నీకట్లా అడగంగానే చెప్పిందంటే, మొగోళ్ళంటే దానికి గిట్టదేమో!"

తమ్ముడు ఆంజనేయులు గడప మీద కూర్చుని ట్రాక్టరు స్క్రూ ఏదో నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ గడప బోడికొండ రాయే. ఇల్లు కట్టిన కొత్తలో ఓబులేసు స్వయంగా చెక్కి వేశాడు. తలెత్తకుండానే అన్నాడు ఆంజనేయులు, "ఊర్లో ఏమనుకుంటాండారో తెలుసునా అక్కా? సుభద్రమ్మకు సర్కారు జీతమిచ్చి మనల్ని కొండ కాడ్నించి లేపమని పంపించింది అనుకుంటాండారు. క్వారీ ఎవురికో రాసిచ్చేకి."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా? మా అక్క అట్లాంటిది కాదన్న్యా. కానీ కొండ కింద నిప్పుందంటే నాకే నమ్మబుద్ధి కాల్యా. నిన్న గూడా పైన పండుకొనొచ్చినా, సల్లగుండాది."

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! ఏ ఢిల్లీ నుంచో తెల్ల కోటు మనిషొచ్చి చెబితే మూటలు కట్టుకునేవాళ్ళు. చెప్పింది ఓబులేసు కూతురాయె, మూడో తరగతిలో బిందె మీద బిందె పెట్టుకుని నీళ్ళు మోసిన పిల్లాయె. సుభద్రకి కోపం రాలేదు, దడ మాత్రం పట్టుకుంది.  తను చెప్పింది నిజమై ఊరు కదలకపోతే, ఈ ఇంట్లో అందరికన్నా ముందు ఊపిరాగేది నాయనకే. ఆ ఛాతీలోకి విషగాలి పోవడానికి ఇంక చోటెక్కడుంది?

"నాయనా, నువ్వు కదిల్తే ఊరంతా కదుల్తాది," అంది.

 ఓబులేసు బయట కొండ వైపు చూశాడు. పొద్దు వాలి కొండ నీడ ఊరి మీద పడింది.

"నువ్వు కండ్లతో సూసినావా, ల్యాకుంటే మిషను చెప్పిందా?"

"మిషనే చెప్పింది నాయనా. కానీ ఆ మిషను నేను చేసింది."

"అయితే పోదాం పా," అన్నాడు. ఇంకేం అడగలేదు.

*

రెండో రోజుకి తహశీల్దారు వచ్చాడు. మనిషి మంచివాడే గానీ, సంతకం పెట్టాల్సొస్తే పెన్ను మూత రానివాడు. ఊరిని ఎక్కడికి మార్చాలో చెప్పమని సుభద్రనే అడిగాడు.

కొండ చుట్టూ తిరిగి ఆలోచించింది సుభద్ర. తూర్పంతా పగుళ్ళు. ఉత్తరాన ఏరు. దక్షిణాన దారి లేదు. పడమర వైపు మాత్రం కొండ నెత్తి నుంచి నేలదాకా ఏకరాయి. వెంట్రుకంత చీలిక లేదు. ఎండకి అద్దంలా మెరుస్తూ ఏటవాలుగా దిగే నున్నటి పరుపుబండ. ఆవిరి గానీ గాలి గానీ దాన్ని తోసుకుని రాలేదు. దాని పాదంలోనే సెలవులకి ఖాళీగా ఉన్న గురుకుల పాఠశాల ఉంది. గదులున్నాయి, బోరింగు ఉంది, నీడ ఉంది.

"పడమర వైపే అన్నిటికన్నా భద్రం," అని రాసిచ్చింది.

ఓబులేసు సిలిండరుతో సహా మొదటి ట్రాక్టరెక్కాడు. ఆయన ఎక్కడం చూసి పక్కింటివాళ్ళు కదిలారు. వాళ్ళని చూసి వీధి కదిలింది. సాయంత్రానికి వడ్డెపల్లెలో కుక్కలే మిగిలాయి. సుభద్ర గుండెల మీది నుంచి బండ దింపినట్టయింది. ఆ రోజు సూది డైనోసార్ల అరలోకి ఎక్కినా ఆమెకి మునుపంత భయం వేయలేదు.

*

శిబిరం పెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం, నాయన్ని చూడ్డానికి బండి మీద బడికి వచ్చింది. పైన షరీఫ్ సార్ ఒక్కరే ఉన్నారు. షెడ్డు కూడా ఖాళీ చేసి దిగిపొమ్మని ఆ ఉదయమే ఆర్డరొచ్చింది. మిషను ఆపేసి, కడ్డీ పైకి లాగి, సామాను సర్దుతానన్నారు.

బడి వెనక, పరుపుబండ అంచు నేలలో కలిసేచోట, ఆడవాళ్ళు మూడు రాళ్ళు పెట్టి వంటలు చేస్తున్నారు. అందరికీ అదే పొయ్యి కావడంతో వచ్చిన నాటి నుంచి దాన్ని ఆర్పలేదు. ఒకరిది దించగానే ఇంకొకరి సంగటి కుండ ఎక్కుతోంది. సుభద్ర అటు నడుస్తుంటే టప్పుమని శబ్దమైంది. పొయ్యికి నాలుగు బారల దూరంలో, మంట సెగ తగలని చోట, బండ మీద తట్టంత పెచ్చు లేచి పక్కకి పడింది.

"మళ్ళా లేసిందే!" అంది పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ. "పొద్దన్నుంచి ఇది మూడోది. మంట ఈడ, లేసేది ఆడ."

సుభద్ర నిలబడ్డచోటే నిలబడిపోయింది.

మంట ఒకచోట, లేచేది ఇంకోచోట. ఆ మాట ఆమె చిన్నతనమంతా విన్న మాట. బడికి పోకముందు ఆమె పని అదే. కొండ మీద రాతిపరుపు లేపాలంటే నాయన మందుగుండు పెట్టేవాడు కాదు. ఒకమూల సన్నగా మంట పెట్టి, దాని పక్కన కూతుర్ని కూర్చోబెట్టి, "ఆరనీయొద్దు, పెంచొద్దు," అని చెప్పిపోయేవాడు. పెద్దమంట పెడితే రాయి పైపైన చిట్లిపోయి చెడుతుంది. చిన్నమంట ఆరకుండా రోజంతా మండితే, వేడి పొరవెంబడి పాకి పాకి, ఎక్కడో అవతలి కొసన పరుపు మొత్తం తల్లిరాయి నుంచి విడివడి లేస్తుంది. పగులున్న రాయి లేవదు, వేడి పగుళ్ళలో తెగిపోతుంది. లేచేది ఏకరాయే.

జీరో బల్బంత మంట. ఏడాదిన్నరగా ఆరలేదు, పెంచలేదు.

కొండ కింద నిప్పు లేదు. నిప్పు తనే పెట్టింది. అడిగితే చెబుతుందనుకున్న రాయి, అడిగిన ప్రతిసారీ కొంచెం గ్యాసు వదులుకుంటూ వచ్చింది. ఆ గ్యాసు పోయి పోయి పొర కింద చేరింది, అంకె సున్నాకొచ్చేసరికి పొరని లేపేంత అవుతుంది. సన్నటి ఆ అదురు వేడిగా మారి పొరవెంబడి పాకింది. తూర్పు వైపు పగుళ్ళున్నాయి కాబట్టి అక్కడేం కాదు. పడమటి ఏకరాయి, నెత్తి నుంచి నేలదాకా, తల్లికొండ నుంచి విడిపోతోంది. దాని కిందికి ఊరిని మొత్తం తనే తీసుకొచ్చి కూర్చోబెట్టింది. వడ్డెవాళ్ళ పిల్ల చేయకూడని తప్పు, చదువుకున్న వడ్డెవాళ్ళ పిల్ల మాత్రమే చేయగల తప్పు.

 అంతలోనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పరుపు అంచు పట్టు వదలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నాయన చివరగా చేసే పని ఒకటుంది. మంట లాగేసి, కుండెడు నీళ్ళు పోసేవాడు. వేడిరాయి ఒక్కసారిగా చల్లబడితే ఫెళ్ళుమని విడిపోతుంది.

పైన షరీఫ్ సార్ మిషను ఆపబోతున్నారు.

ఫోను తీసి కలిపింది. రెండు రింగులు. మూడు.

"సార్, ఆపొద్దు! స్విచ్చి ముట్టుకోవద్దు!"

"చెయ్యి దాని మీదే ఉందమ్మా. ఏమైంది?"

"చెయ్యి తీసెయ్యండి సార్. దండం పెడతాను. నేను వస్తున్నా."

*

తమ్ముడికి నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆంజనేయులు ఈసారి నమ్మబుద్ధి కాలేదనలేదు. మంటపెట్టి రాయి లేపిన చేతులవి. పరుపుబండ వంక ఒకసారి తలెత్తి చూశాడు, ముఖం పాలిపోయింది.

"ఎంత టైముంది?"

"తెలీదు. మిషను సున్నాకొచ్చేలోపల ఇక్కడ ఎవరూ ఉండకూడదు. గట్టిగా అరవొద్దు, తొక్కులాట అవుతాది. ట్రాక్టర్లు మళ్ళా ఊరికే తోలు."

"మొన్న ఊర్లో ఉండొద్దంటివి, ఈపొద్దు ఊరికే పొమ్మంటావు. జనం తంతారక్కా."

"నన్ను రేపు తన్నమను. ముందు ఎక్కమను."

ఓబులేసు వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు. కూతురు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు, కోపంతో కాదు, తొందరతో.

"నువ్వు పోమ్మే పైకి. మంట కాడ మనిషి ల్యాకుండా ఈడేం జేస్తాండావు?"

"నిన్ను మొదటి ట్రాక్టర్లో..."

"నేను కాళ్ళు సాపుకుని ఈ బుడ్డిని పక్కన పెట్టుకుంటే పదిమంది నిలబడే జాగా పోతాది. నేను కడాకు వస్తా. పో."

బండి స్టార్టు చేస్తూ వెనక్కి చూసింది. ఆయన కొండ వైపు చూడటం లేదు. పిల్లల్ని ట్రాలీలోకి ఎక్కిస్తున్న వాళ్ళకి చేత్తో ఏదో చెబుతున్నాడు.

*

షెడ్డులో సూది డైనోసార్లని దాటేసింది. అంకె ఆరు కోట్లకి దిగింది.

"ఒక్కసారిగా ఆపితే విడిపోతుంది. ఇట్లాగే నడిపితే సున్నాకొచ్చి విడిపోతుంది," అంది సుభద్ర, అదురుని పెంచి తగ్గించే మరనాబు ముందు కూర్చుంటూ. "వేడిని మెల్లగా దించాలి సార్. రాయికి తెలీకుండా."

"దించితే పడకుండా ఉంటుందా?"

"ఉండదు. ఆలస్యమవుతుంది, అంతే."

మరనాబుని ఒక వెంట్రుకవాసి తిప్పింది. బోరులో వేడి కొంచెం తగ్గింది. ఎక్కడో లోపల్నుంచి కటకటమని పళ్ళు నూరిన చప్పుడొచ్చింది. చెయ్యి ఆపేసింది. చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టి, మళ్ళీ ఒక వెంట్రుకవాసి తిప్పింది. ఆరేళ్ళప్పుడు చేసిన పనే ఇది. అప్పుడు చేతిలో ఎండుపుల్లలు ఉండేవి. మంట ఎగిస్తే ఒకటి లాగేది, తగ్గితే ఒకటి పెట్టేది. నిద్రొస్తే నాయన పాట పాడమనేవాడు. ఇప్పుడు పాట రాలేదు గానీ, పెదాలు మాత్రం ఆడుతున్నాయి.

అంకె దిగుతూనే ఉంది. కోటి. ముప్పై లక్షలు. షరీఫ్ సార్ సూదిని పటం పై అంచుదాకా తెచ్చి అక్కడ ఆగిపోయారు. మంచుయుగం అర అంత సన్నటిది, సూది గుచ్చితే పై అర కూడా చిరుగుతుంది. ఆయన జోకులు మానేసి చాలాసేపయింది.

ఫోను మోగింది. స్పీకరు పెట్టారు సార్.

"రెండు ట్రిప్పులయినాయి అక్కా. ఇంకా సగం మందుండారు."

"నాయన?"

"ఈడనే ఉండాడు. అందర్నీ తిడతాండాడు, బాగనే ఉండాడు."

రెండు లక్షల ఏళ్ళు. భూమి చరిత్రలో ఇక్కడికొచ్చేసరికి మనిషి పుట్టాడు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు ఓపిగ్గా కూడబెట్టిన లెక్కని తను ఏడాదిన్నరలో ఖర్చు పెట్టేసిందన్న సంగతి సుభద్రకి అప్పుడు తట్టింది. కాలదర్శి మొదటి పరీక్షలకని దేశదేశాల నుంచి తెప్పించిన రాళ్ళు ల్యాబు బీరువాలో ఉన్నాయి. వాటి సంగతేమిటి? ఆ ఆలోచనని బలవంతాన పక్కకి నెట్టింది. మరనాబు ఇంకో వెంట్రుకవాసి తిరిగింది.

పన్నెండు వేల ఏళ్ళు. మంచు కరిగి, మనిషి పైరు పెట్టడం నేర్చుకున్న కాలం. పటంలో ఇదే చివరి గీత. ఆపైన కాగితం అంచు, దాని పైన గోడ.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ట్రాక్టరు మోత మధ్య నుంచి వచ్చింది తమ్ముడి గొంతు.

"అయిపోయిందక్కా. బడికాడ పిట్ట గూడా లేదు. ఏటి మలుపు దాటినాం. కడా ట్రిప్పు నాదే."

"నాయన నీతోనే ఉండాడా? ఎట్లుండాడు?"

ట్రాక్టరు మోత వినబడింది. ఎవరో ఆడమనిషి ఏదో అనబోతే ఎవరో నోరు మూసినట్టు ఆ మాట తెగిపోయింది.

"పండుకున్నాడక్కా," అన్నాడు ఆంజనేయులు. "నిద్రపోయినాడు. నువ్వు మంట సూసుకో."

సుభద్ర ఆ మాట వింది. నాయన పడుకుని నిద్రపోయి రెండేళ్ళయిందని ఆమెకి తెలుసు. చెప్పినవాడికీ తెలుసు. షరీఫ్ సార్ ఆమె ముఖంలోకి చూడలేక పటం వైపు తిరిగారు. ట్రాక్టరు ఏటి మలుపు దాటింది గానీ, దొర్లిన బండ అంతదూరం రాదని ఎవరు చెప్పగలరు? ఇంకో పది నిమిషాలు కావాలి.

ఆమె చెయ్యి వణకలేదు. వణికితే ఆ ట్రాలీలో ఉన్న నలభైమందికీ ప్రమాదం. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటి దారిన అవి కారుతున్నాయి, తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. వెంట్రుకవాసి. ఆగు. చప్పుడు ఆగేదాకా ఆగు. మళ్ళీ వెంట్రుకవాసి. ఆరనీయొద్దు, పెంచొద్దు.

"ఊర్లోకొచ్చేసినాం అక్కా!" అని ఫోను అరిచింది.

సుభద్ర మరనాబు మీద నుంచి చెయ్యి తీసింది. తెర మీద అంకె కాసేపు అటూ ఇటూ ఊగి సున్నా దగ్గర నిలబడింది. ముందు ఏమీ జరగలేదు. తర్వాత కొండ పడమటి వైపు నుంచి పెద్ద నిట్టూర్పు లాంటి శబ్దం వచ్చింది. పొర కింద కోట్ల ఏళ్ళ గాలి ఒక్కసారిగా బయటపడ్డ శబ్దం. ఆ వెంటనే నేల ఊగింది. షెడ్డు రేకులు మోగాయి. గోడ మీది పటం జారి కింద పడింది. పరుపుబండ మొత్తం, నెత్తి నుంచి పాదందాకా, ఒక్క పలకగా జారి బడి మీద పడి ముక్కలైంది.

దుమ్ము తగ్గేసరికి పొద్దు వాలింది.

*

ఓబులేసు ట్రాలీలో గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఏటి మలుపు చేరకముందే ఊపిరి ఆగిపోయిందట. నాలుగు రోజుల్లో రెండుసార్లు ట్రాక్టరు కుదుపులు, పైగా ఆ తొందరలో ఎగిరిన ఎర్రదుమ్ము. మొదటిసారి కదిలించకపోయి ఉంటే ఇంకో ఏడాది బతికేవాడేమో. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. ఎవరూ సుభద్రని తన్నలేదు. అదే ఆమెకి కష్టమైంది.

"అక్కడే చెప్పుండొచ్చు గదరా," అంది తమ్ముడితో.

"చెప్తే నీ చెయ్యి కదిలేది," అన్నాడు ఆంజనేయులు. "నాయనే అన్నాడు, దానికేమీ చెప్పొద్దు, మంటకాడుండాది అని. అదే కడా మాట."

నెల తర్వాత షరీఫ్ సార్ ఇంటికి వచ్చారు. మనిషి సగమయ్యారు. కాలదర్శి తాకిన ప్రతి రాయినీ పాతపద్ధతిలో పగలగొట్టి, కరిగించి చూస్తున్నారు. బీరువాలో రాళ్ళన్నీ నిన్నో మొన్నో పుట్టినట్టు చెబుతున్నాయి. బోడికొండది సరేసరి, ఎక్కడ తవ్వినా సున్నా. ఇక రాయబోయే ఏ పుస్తకంలోనూ ఈ కొండకి వయసుండదు.

"కాలానికి గీత ఎక్కడ గీస్తాం మనం?" అన్నారాయన, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ. "ఒక ప్రాణి పైపొరలో కనబడకుండా పోయిందనుకో, అక్కడ గీస్తాం. ఇన్నేళ్ళు పిల్లలకి అదే పాఠం చెప్పాను. అదింత బరువైన మాటని తెలీదు."

 సుభద్ర గడప వైపు చూస్తోంది. నాయన చెక్కిన గడప. ఉలిదెబ్బలు వరసగా, దగ్గరదగ్గరగా, నాయన పళ్ళలాగే కొంచెం వంకరగా ఉన్నాయి. ఆమె పుట్టకముందే కొండని వదిలి వచ్చిన రాయి. కాలదర్శి దాన్నేమీ అడగలేదు.

"సార్, కొండ వయసు ఇందులో ఉంటుంది," అంది.

షరీఫ్ సార్ గ్లాసు కింద పెట్టారు. "పగలగొట్టాలి గదమ్మా."

సుభద్ర సుత్తి తెచ్చింది. గడప మూలకి ఆనించింది. ఎత్తలేకపోయింది. తమ్ముడు వచ్చి ఆమె చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

"నాయన ఎన్ని దెబ్బలు కొట్టినాడో దీన్ని," అన్నాడు. "ఇంకొక్కటి తగిల్తే ఏమనుకుంటాడు?"

ఒక్క దెబ్బకి మూల ఊడి వచ్చింది. లోపల కాకిబంగారం తళుక్కుమంది.

పదిహేను రోజులకి ఫలితం వచ్చింది. షరీఫ్ సార్ ఫోనులో అంకె చదివారు. సుభద్ర గడప మీద కూర్చుని వింది. విరిగిన మూల అరికాలికి గరుకుగా తగులుతోంది.

"రెండు వందల యాభై ఒక్క కోట్లు," అంది ఇంట్లోకి తిరిగి, గోడకి ఆనించిన ఖాళీ చాప వైపు. "తగ్గల్యా నాయనా."